ఏది జానపదం, ఏది ఫోక్? మూడు జిల్లాల పాటల పంచాయితీ

జనగామలో పెళ్లి బరాత్ ముందు మోగేది ఫోక్. మహబూబాబాద్ తండాల్లో డీజే పెట్టెలు దద్దరిల్లేదీ ఫోకే. భూపాలపల్లి మీదుగా మేడారం పోయే జీపుల్లో వినిపించేదీ ఫోకే. గొంగడి భుజాన వేసుకుని సభలో పాడే గాయకుడిది ఫోక్ పాట. బీరప్ప గుడి ముందు తెల్లవార్లూ సాగే ఒగ్గు కథ ఫోక్ కళ. ఒక్క మాట మీద ఇన్ని పాటల బరువు పడితే అది ఎక్కడో ఒక చోట తెగుతుంది. యూట్యూబు వచ్చిన నాటి నుంచీ అది తెగుతూనే ఉంది.

తెగిన ప్రతి చోటా ఒక పంచాయితీ మొదలైంది. కవి పేరు, నిర్మాత పేరు, కెమెరామన్ పేరు తెర మీద పడే పాటను జానపదం అనొచ్చా? కీబోర్డు మీద కట్టిన దరువు దరువేనా? పల్లె పాటను సినిమా తీసుకుంటే అది గౌరవమా, దోపిడీయా? ఉద్యమంలో పుట్టిన పాట ప్రభుత్వ వేదిక ఎక్కాక ప్రజల పాటగా మిగిలినట్టేనా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్లు ఎక్కువగా ఎవరి గుంపులో వాళ్లు నిలబడి చెబుతున్నారు. వినేవాళ్లు మాత్రం పొద్దున ఒక గుంపులో, రాత్రి మరో గుంపులో ఉంటున్నారు.

ఈ వాదాల చరిత్రను, వాటి మూలాలను, ఇంకా తేలని విషయాలను ఒక వరుసలో పెట్టి చూడటమే ఈ సమీక్ష పని. ఉదాహరణలు వీలైనంత వరకు ఈ మూడు జిల్లాల నుంచి, అవి చాలని చోట చుట్టుపక్కల నుంచి తీసుకున్నవి.

పాటకు పని పేరే పేరు

ఈ చర్చకు పాత సాక్షి జనగామ జిల్లాలోనే ఉన్నాడు. పాలకుర్తి పేరును ఇంటిపేరు చేసుకున్న 13వ శతాబ్దపు కవి పాల్కురికి సోమనాథుడు. సంస్కృత వృత్తాల మీద మోజు ఉన్న కాలంలో ద్విపదను, జాను తెనుగును నెత్తిన పెట్టుకున్న వాడు. ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైలం పోయే భక్తుల గురించి రాస్తూ వాళ్లు పాడుకునే పాటల పేర్లు వరుసగా చెప్పాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, ఇలా సాగుతుంది ఆ జాబితా.

ఆ పేర్లను కాస్త నిదానంగా చూడాలి. ఒకటి వేళను చెబుతుంది, ఒకటి ఆటను చెబుతుంది, ఒకటి పల్లవిలో పదే పదే వచ్చే మాటను చెబుతుంది. ఎవరు కట్టారు, ఎంత పాతది, ఎంత స్వచ్ఛమైనది అన్న లెక్క ఆ పేర్లలో లేదు. పల్లె జనం ఇప్పటికీ అలాగే పిలుస్తారు. నాట్ల పాట, దంపుడు పాట, బతుకమ్మ పాట, జోల పాట, అప్పగింతల పాట. పాట ఏ పనిలో ఉందో అదే దాని పేరు.

వీటన్నిటి మీదా ఒకే గొడుగు పట్టింది ఆధునిక విద్య. 1846లో విలియం థామ్స్ అనే ఆంగ్లేయుడు ‘ఫోక్‌లోర్’ అన్న మాటను ముందుకు తెచ్చాడు. తెలుగులో ఆ గొడుగు పేరు జానపదం. వరంగల్ ప్రాంతం నుంచి వచ్చిన బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’గా 1958లో అచ్చయ్యాక, పల్లె పాట విశ్వవిద్యాలయంలో చదవదగిన వస్తువుగా స్థిరపడింది. అదే దశాబ్దంలో, 1954లో, అంతర్జాతీయ జానపద సంగీత మండలి మూడు గుర్తులు నిర్ణయించింది. పాట తరం నుంచి తరానికి అందాలి, నోరు మారినప్పుడల్లా కొంత మారాలి, ఏది నిలవాలో జనమే ఎంచుకోవాలి. మన పాఠ్యపుస్తకాల నిర్వచనాల వెనకా దాదాపు ఈ మూడే ఉన్నాయి.

గొడుగు వల్ల మేలే జరిగింది. లేకపోతే వేల పాటలు సేకరణకు నోచుకునేవి కావు. చిక్కు ఎక్కడంటే, పని పేరుతో బతికిన పాటలకు ఇప్పుడు పుట్టుక ధ్రువపత్రం అవసరమైంది. తగాదాకు విత్తనం అక్కడే పడింది.

నాలుగు మలుపులు

మొదటి మలుపు రైతాంగ పోరాటం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది. రెండు ఊళ్లూ నేటి జనగామ జిల్లాలోవే. ఆ పోరాటం పల్లె బాణీల్లోకి కొత్త మాటలు ఎక్కించింది. ఉయ్యాల పాట, గొల్ల సుద్దులు, బుర్రకథ దొరకు ఎదురు నిలిచాయి. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి వంటి వాళ్ల పేర్లు పాటతో పాటు నిలిచిపోయాయి. జానపదం అంటే కర్త తెలియనిది అన్న నియమం మొదట వీగింది ఇక్కడే. కర్త పేరు తెలుసు, అయినా పాట మాత్రం ఊరందరిదీ. ఆ పాటల్లో కొన్ని గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ (1979) సినిమాతో రాష్ట్రమంతా తెలిశాయి.

రెండో మలుపు 1970లది. విప్లవ కళా సంస్థలు జననాట్యమండలి 1972లోను, అరుణోదయ ఆ తర్వాతా వచ్చాయి. గద్దర్ గొంగడి, చేతికర్ర, కాలి గజ్జె ఒక కొత్త రంగస్థలాన్ని తయారుచేశాయి. పల్లె బాణీ మీద రాజకీయ సాహిత్యం కట్టడం అప్పటికి ఒక శిక్షణగా, ఒక శాస్త్రంగా మారింది. క్యాసెట్టు వచ్చాక గాయకుడు రాలేని ఊరికి అతని గొంతు పోయింది. 1993లో సంగీత పరిశోధకుడు పీటర్ మాన్యువల్ ఉత్తర భారతం మీద రాసిన పుస్తకంలో క్యాసెట్టు పెద్ద కంపెనీల గుత్తాధిపత్యాన్ని ఎలా సడలించిందో వివరించాడు. ఆ పరిశీలన తెలంగాణకూ సరిగ్గా సరిపోతుంది.

మూడో మలుపు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం. 1997 నాటి భువనగిరి, వరంగల్ సభల నుంచి 2002 తర్వాత ఊరూరా సాగిన ధూంధాంల దాకా పాటే పిలుపు, పాటే ఉపన్యాసం. భువనగిరి గాయని బెల్లి లలిత 1999లో హత్యకు గురయ్యారు. పాటకు ఎంత భయపడ్డారో దాన్ని బట్టే తెలుస్తుంది. గోరటి వెంకన్న, అందెశ్రీ, రసమయి బాలకిషన్, విమలక్క, భూపాలపల్లి ప్రాంతం నుంచి వచ్చిన మిట్టపల్లి సురేందర్ వంటి వాళ్ల పాటలు ఈ దశలో ఇంటింటికీ చేరాయి. ఇదే కాలంలో మా టీవీ ‘రేలారే రేలా’ కార్యక్రమం పల్లె గొంతులకు పోటీ వేదిక చూపించింది. యాస సిగ్గుపడాల్సింది కాదన్న ధైర్యం అప్పుడే వచ్చింది.

నాలుగోది యూట్యూబు. రాష్ట్రం వచ్చాక చవకైన డేటా, చేతిలో ఫోను, ఊళ్లోనే ఎడిటింగు తెలిసిన కుర్రాడు ఒక్కచోట కలిశారు. ప్రతి బతుకమ్మకూ, బోనాలకూ, మేడారం జాతరకూ కొత్త పాటలు దిగడం ఆనవాయితీ అయింది. బావామరదళ్ల సరసం, అన్నాచెల్లెళ్ల ప్రేమ, వలసపోయిన మగడి మీద అలక వీటికి ముఖ్య వస్తువులయ్యాయి. సినిమాకు సంబంధం లేదు కాబట్టి మొదట వీటిని ‘ప్రైవేట్ సాంగ్స్’ అన్నారు. తర్వాత ‘ఫోక్ సాంగ్స్’ అన్న పేరే అతుక్కుంది. జానపదం అన్న చదువుల మాటకూ ఫోక్ అన్న బజారు మాటకూ మధ్య దూరం అక్కడి నుంచి పెరుగుతూ వచ్చింది.

నాలుగు వాదాలు

*పరంపర వాదం.* ఇది కళనే బతుకుగా నమ్ముకున్న కులాల వాదం, వాళ్ల వెంట నడిచిన పరిశోధకుల వాదం. లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గు కథకు 2014 సంగీత నాటక అకాడమీ అవార్డు తెచ్చారు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్య ఐదు దశాబ్దాలకు పైగా చిందు యక్షగానం ఆడి 2024లో పద్మశ్రీ అందుకున్నారు. వీళ్ల కళలో పాట ఒక్కటే విడిగా ఉండదు. కథ, పూజ, పట్నం ముగ్గు, వేషం, వాయిద్యం, వినే కులంతో ఉన్న హక్కు, అన్నీ ఒక ముడి. ఒగ్గు కథకు డోలు, తాళం, నపీర, వంత ఉండాలి. బీరప్ప కథకు రోజులు పట్టాలి. నాలుగు నిమిషాల వీడియోలోకి దించితే మిగిలేది ముక్కే అని ఈ వాదం అంటుంది.

దీని బలం లోతు. బలహీనతను కూడా దీని సొంత చరిత్రే చూపిస్తుంది. చుక్క సత్తయ్య ఒగ్గు కథను గుడి ముందర నుంచి వేదిక మీదకు తెచ్చిన వారిలో ప్రముఖుడు. పరంపర ఎప్పుడూ కదలకుండా లేదు. కదిపే హక్కు ఎవరిది అన్నదే అసలు తగువు.

*ప్రజా పాట వాదం.* పాట ఎక్కడ పుట్టిందన్నది కాదు, ఎవరి పక్షాన నిలబడిందన్నది వీళ్లకు ముఖ్యం. తెలంగాణ సాయుధ పోరాట పాటల మీద పరిశోధన చేసిన జయధీర్ తిరుమలరావు వంటి వాళ్ల కృషితో, జానపదాన్ని పాతకాలపు జ్ఞాపకంగా కాక నడుస్తున్న ప్రజల సాహిత్యంగా చూడటం బలపడింది. ఈ కొలత పట్టుకుంటే నిన్న రాసిన పాట జానపదం కావచ్చు, వెయ్యేళ్ల పాట కాకపోవచ్చు. భూపాలపల్లి బొగ్గు గనుల కాలనీల్లో కార్మిక సభల పాటలకు ఈ వాదం చోటు ఇస్తుంది. పరంపర వాదం ఇవ్వలేదు.

అయితే రాష్ట్రం వచ్చాక దీనికి ఒక ఇరకాటం ఎదురైంది. తెలంగాణ సాంస్కృతిక సారథి ద్వారా 550 మంది కళాకారులకు ఉద్యోగాలు వచ్చాయి. ఆకలి మీద పాడినవాడికి నెల జీతం రావడం న్యాయమే అని కొందరు, పథకాల ప్రచారం పాడే గొంతు ప్రశ్నించడం మరిచిపోతుందని మరికొందరు వాదించారు. 2024 జూన్ 2న అందెశ్రీ గీతం రాష్ట్ర గీతమైనప్పుడూ ఇదే జరిగింది. పాట గురించి ఎవరికీ పేచీ లేదు. సంగీతం చేసే బాధ్యత ఆంధ్ర ప్రాంతానికి చెందిన సినీ సంగీత దర్శకుడు కీరవాణికి ఇవ్వడం మీద తెలంగాణ సంగీత కళాకారులు అభ్యంతరం తెలిపారు. బడికి పోని ఒక పశువుల కాపరి నోట పుట్టిన పాటకు బాణీ దిద్దే హక్కు ఎవరిదన్న ప్రశ్న అది.

*బాణీ వాదం.* ఈ వాదం వాళ్లు పుట్టుకనూ పక్షాన్నీ పక్కన పెట్టి చెవినే నమ్ముకుంటారు. డప్పు దరువు, తెలంగాణ యాస, కోరస్ వంత, తిరిగి తిరిగి వచ్చే పల్లవి ఉంటే అది ఫోక్. 2021లో వచ్చిన ‘బుల్లెట్టు బండి’ వీళ్లకు పెద్ద ఉదాహరణ. లక్ష్మణ్ రాశాడు, ఎస్.కె. బాజీ సంగీతం, పాడిన మోహన భోగరాజు సినిమా గాయని. మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు బరాత్‌లో ఆ పాటకు ఆడిన వీడియోతో అది ప్రతి పెళ్లికీ తప్పనిసరి అయింది. పరంపర గుర్తులు ఒక్కటీ లేని ఆ పాట పెళ్లి తంతులో మాత్రం ఒక భాగమైపోయింది.

అమెరికన్ పండితుడు రిచర్డ్ డార్సన్ 1950లోనే ఇలాంటి వాటిని నకిలీ జానపదం అన్నాడు. అలాన్ డండెస్ ఆ తర్వాత వాదాన్ని తలకిందులు చేశాడు. ఏదో ఒక ఉమ్మడి అంశం ఉన్న ఏ గుంపైనా ‘ఫోకే’ అన్నాడు. కంపెనీ ఉద్యోగులకూ జానపదం ఉంటుందన్నాడు. డార్సన్ చెవితో వింటే ‘బుల్లెట్టు బండి’ నకిలీ. డండెస్ చెవితో వింటే అది ఈ తరం పెళ్లిబృందాల జానపదం.

*మార్కెట్ వాదం.* ఇది పుస్తకాల్లో దొరకదు, వీడియో కింద ట్యాగుల్లో దొరుకుతుంది. సినిమా కంపెనీ డబ్బు పెట్టనిది, సొంత ఛానల్లో వచ్చినది, పల్లె కుర్రాళ్లు తీసినది ఫోక్ అనేదే ఈ కొలత. దీని వెనక ఒక ఆత్మగౌరవం ఉంది. హైదరాబాదు స్టూడియోల గుమ్మం ముందు నిలబడకుండా ఊరి చెరువుగట్టు మీదే షూటింగు చేసుకుని పేరు తెచ్చుకోవచ్చన్న నమ్మకం అది. 2025లో పాలమూరు వైపు నుంచి వచ్చిన రాము రాథోడ్ ముంబయి వలస నేపథ్యంగా చేసిన పాటతో ఊరూరా తెలిసి, అదే ఏడాది బిగ్‌బాస్ ఇంటికి చేరాడు. ఒకనాడు సభల్లో కన్నీటితో పాడిన వలస బాధ ఇప్పుడు డీజే దరువు మీద ఆడుతోంది. దీన్ని పతనం అంటారా, కొనసాగింపు అంటారా అన్నది ఏ వాదం వైపు నిలబడ్డారన్న దాన్ని బట్టి ఉంటుంది.

పక్కపక్కన పెడితే

నాలుగు వాదాలూ ఒకే మాట మీద కొట్లాడుతున్నట్టు కనిపిస్తాయి. నిజానికి ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతోంది.

– పరంపర వాదం అడిగేది: పాట ఎవరి నుంచి వచ్చింది? గీటురాయి వారసత్వం. ఒగ్గు, చిందు, శారద కథలను కాపాడేది ఇదే. కొత్త పాటకు తలుపు తీయనిదీ ఇదే.

– ప్రజా పాట వాదం అడిగేది: పాట ఎవరి కోసం? గీటురాయి పక్షం. పోరాట పాటకు గౌరవం ఇస్తుంది. సరసం, వినోదం, భక్తి దీనికి కొరుకుడు పడవు.

– బాణీ వాదం అడిగేది: పాట ఎలా వినిపిస్తుంది? గీటురాయి దరువు, యాస. అందరినీ కలుపుకుంటుంది. కాబట్టి ఎవరి దగ్గర నుంచి తీసుకున్నదీ అడగదు.

– మార్కెట్ వాదం అడిగేది: పాటకు డబ్బు ఎవరు పెట్టారు? గీటురాయి సొంత పెట్టుబడి. కొత్తవాళ్లకు దారి చూపుతుంది. వ్యూస్ తగ్గిన రోజు ఆ దారి మూసుకుంటుంది.

ప్రశ్నలు వేరు కాబట్టి జవాబులు ఢీకొనక్కర్లేదు. ఒకే పాట ఒక కొలతలో నెగ్గి మరో కొలతలో ఓడిపోవచ్చు. తగాదా తెగకపోవడానికి సగం కారణం ఈ సంగతి మరవడమే.

వినేవాళ్లు ఏ తెగ?

కళాకారుల్లో గుంపులు గట్టివి. శ్రోతల్లో అంత గట్టివి కావు. జనగామ వైపు కురుమ కుటుంబం బీరప్ప పండుగకు ఒగ్గు పూజారిని పిలుస్తుంది, కొడుకు పెళ్లి బరాత్‌కు డీజే పెడుతుంది. చిందు బాగోతం చూసే మాదిగవాడలో గద్దర్ పాట నోటికి వచ్చినవాళ్లు ఎందరో. సినిమా హీరో కటౌట్‌కు పాలు పోసే కుర్రాడే బతుకమ్మ రోజు చెల్లెలి కోసం కొత్త బతుకమ్మ పాట డౌన్‌లోడ్ చేసి పెడతాడు. ఏ పండుగైతే ఆ పాట, ఏ పాటైతే ఆ తెగ.

మహబూబాబాద్ జిల్లా ఈ లెక్కను మరింత చిక్కు చేస్తుంది. అక్కడ జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు, వాళ్లలో లంబాడీలే ఎక్కువ. శ్రావణంలో పెళ్లికాని పిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకలు పెంచే తీజ్ పండుగకు గోర్‌బోలీలో పాటలు ఉన్నాయి. ఆ భాషను మన వైపు తెలుగు లిపిలోనే రాసుకుంటారు. ఇప్పుడు అదే తండాల్లో బంజారా డీజే పాటలూ జోరుగా నడుస్తున్నాయి. ‘తెలుగు జానపదం’ మీద జరిగే చర్చల్లో మాత్రం ఇవి అరుదుగా కనిపిస్తాయి. మరోవైపు, రాయలసీమ బంజారా తండా నుంచి వచ్చిన మంగ్లీ తెలంగాణ బతుకమ్మ, బోనాల పాటలకు అందరూ గుర్తుపట్టే గొంతు అయింది. భాష, ప్రాంతం, కులం గీసిన గీతల్లో ఆమె పాట ఏ గీత లోపల ఉందో ఏ వాదమూ సరిగ్గా చెప్పలేదు.

మేడారం మరో ఉదాహరణ. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది జయశంకర్ భూపాలపల్లిలో ఉంది, 2019లో ములుగు జిల్లాలోకి పోయింది. సమ్మక్క సారలమ్మల వంశగాథను డోలు మీద చెప్పే కోయ పరంపరకు సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ తెచ్చారు. రెండేళ్లకోసారి జాతర దగ్గర పడగానే అదే తల్లుల మీద పదుల కొద్దీ వీడియో పాటలు దిగుతాయి. గద్దె ముందు కోయ పూజారి తంతు, తొవ్వలో డీజే పాట. భక్తుడు రెండింటి మధ్యా నడిచిపోతాడు, రెండింటినీ తల్లి పాటే అంటాడు.

బ్రిటన్‌లో ‘ఇండీ’ అన్న మాటకు ఏమైంది?

ఈ చిక్కు మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. బ్రిటన్ గిటారు సంగీతంలో ‘ఇండీ’ అన్న మాట ఇదే దారిలో పోయింది. 1977 జనవరిలో మాంచెస్టర్ బృందం బజ్‌కాక్స్ అప్పు చేసిన సుమారు 500 పౌండ్లతో ‘స్పైరల్ స్క్రాచ్’ రికార్డును సొంతంగా తెచ్చింది. 1980 జనవరిలో స్వతంత్ర రికార్డులకు వేరే అమ్మకాల పట్టిక మొదలైంది. అందులో చేరడానికి ఒక్కటే షరతు: పెద్ద కంపెనీల పంపిణీ వ్యవస్థ గుండా రికార్డు పోకూడదు. సంగీతం ఎలా ఉండాలన్న నియమం లేదు. అప్పటికి ఇండీ అంటే సరుకు పోయే దారి.

1986లో ఎన్ఎంఈ పత్రిక ‘సి86’ అనే క్యాసెట్టు తెచ్చాక ఆ మాటకు ఒక ధ్వని అంటుకుంది. గలగలమనే గిటార్లు, బెరుకు గొంతులు. కొద్ది రోజులకే తమాషా మొదలైంది. పంపిణీ షరతు ప్రకారం కైలీ మినోగ్ డ్యాన్సు పాటలు ఇండీ పట్టికలో ఎక్కాయి. గిటారు అభిమానులకు ఇండీ దేవుళ్లయిన స్మిత్స్ పెద్ద కంపెనీ ఇఎంఐతో ఒప్పందం చేసుకున్నారు. 1992లో స్వతంత్ర కంపెనీ క్రియేషన్ రికార్డ్స్‌లో 49 శాతం సోనీ కొన్నది. 1995 ఆగస్టులో బ్లర్, ఒయాసిస్ ఒకే వారం పాటలు విడుదల చేస్తే దేశమంతా అభిమానుల యుద్ధం నడిచింది. బ్లర్‌కు సుమారు 2,74,000, ఒయాసిస్‌కు 2,16,000 అమ్మకాలు. రెండు సేనలూ ఇండీ జెండా కిందే పోరాడాయి. రెండు బృందాల వెనకా పెద్ద కంపెనీల డబ్బుంది.

దారి పేరు ధ్వని పేరైంది, ధ్వని పేరు తెగ పేరైంది, చివరికి దుకాణంలో అర పేరుగా మిగిలింది. మన ‘ప్రైవేట్ సాంగ్’ కూడా సరిగ్గా ఇలాగే నడిచింది. సినిమా కానిది అన్న అర్థంతో మొదలై, ఒక దరువు పేరుగా మారి, ఇప్పుడు ఒక తరం గుర్తుగా నిలిచింది. తేడా ఒక్కటే, అది చిన్న తేడా కాదు. ఇండీకి వెనక వందల ఏళ్ల ఊరుమ్మడి ఆస్తి లేదు. ఫోక్‌కు ఉంది. అందుకే ఇక్కడ మాట మారినప్పుడల్లా సొమ్ము కూడా చేతులు మారుతుంది.

సినిమా గుమ్మం దగ్గర

సినిమా పల్లె పాటను తీసుకోవడం కొత్త కాదు. ‘రోజులు మారాయి’ (1955)లో కొసరాజు రాసిన ఏరువాక పాట నుంచి ‘కుబుసం’ (2002)లో గోరటి వెంకన్న పల్లె పాట దాకా ఆ రాకపోకలు సాగాయి. ఇప్పుడు మారింది లెక్క అడిగే గొంతు.

2021లో ‘లవ్‌స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ పాట దీనికి పాఠం లాంటిది. జనం నోట ఉన్న పల్లవిని తీసుకుని సుద్దాల అశోక్‌తేజ సాహిత్యం కట్టారు, పవన్ సిహెచ్ సంగీతం చేశారు, మంగ్లీ పాడింది. అంతకుముందు ఆ జానపదాన్ని టీవీ వేదిక మీద పాడి వెలుగులోకి తెచ్చిన గాయని, తనకు అవకాశం, గుర్తింపు ఏవని బహిరంగంగా అడిగింది. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు పేరు, పారితోషికం ఇస్తామని ప్రకటించారు. పరంపర వాదం ప్రకారం అది అందరి పాట. బాణీ వాదం ప్రకారం కొత్త పాట. సేకరించి, గుర్తుపెట్టుకుని, పాడి నిలబెట్టిన మనిషికి హక్కు ఉందా అన్న ప్రశ్నకు మాత్రం ఏ వాదం దగ్గరా సిద్ధమైన జవాబు లేకపోయింది.

2023లో రెండు ఘటనలు రెండు దారులు చూపించాయి. ‘బలగం’ పతాక సన్నివేశంలో వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు తమ గొంతుతో తామే తెర మీద కనిపించారు. జనం ఊళ్లలో తెరలు కట్టుకుని ఆ సినిమా చూసి ఏడ్చారు. అదే ఏడాది మార్చిలో భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలం చల్లగరిగెకు చెందిన చంద్రబోస్ ‘నాటు నాటు’ పాటకు కీరవాణితో కలిసి ఆస్కార్ అందుకున్నారు. ఊరి జాతరను, మిరప తొక్కును, కర్రసామును పదాల్లోకి తెచ్చిన ఆ పాట ప్రపంచానికి ‘ఫోక్’గానే వినిపించింది. ఒక దారిలో కళాకారుడే సినిమాలోకి వచ్చాడు. మరో దారిలో ఊరి జ్ఞాపకం ఒక కవి చేతి మీదుగా వచ్చింది. రెండింటినీ ఉత్త అరువు అనలేం. ఎవరిది ఎంతో పేర్ల పట్టికలో స్పష్టంగా ఉంది కాబట్టే వాటి మీద పంచాయితీ రాలేదు.

ఇంకా తేలనివి

మొదటిది చట్టం. 1957 నాటి కాపీరైట్ చట్టం రాసినవారిని, బాణీ కట్టినవారిని గుర్తిస్తుంది. 1994 సవరణ ప్రదర్శకుల హక్కులను చేర్చింది. 2012 సవరణ గీత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వాటాను పదిలం చేసింది. ఊరిని, కులాన్ని, తండాను హక్కుదారుగా గుర్తించే ఏర్పాటు అందులో లేదు. ‘సాంప్రదాయం’ అని రాస్తే ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. సాంప్రదాయ బాణీకి నాలుగు లైన్లు మార్చి తన పేరు రాసుకుంటే మొత్తం తనదే. రెండు కొసల మధ్య ఒక దారి కావాలి.

రెండోది సన్మానం, సంపాదన మధ్య దూరం. కిన్నెర మొగులయ్య, రామచంద్రయ్య, గడ్డం సమ్మయ్య, బుర్రవీణ దాసరి కొండప్ప, వరుసగా పల్లె కళాకారులను పద్మశ్రీ వెతుక్కుంటూ వచ్చింది. పతకం ఒక్కరికి వస్తుంది. చిందు మేళం నడవాలంటే పదిమందికి పైగా కావాలి. మేళం మిగలకపోతే పతకం జ్ఞాపకచిహ్నమే అవుతుందన్న ఆందోళనకు యూట్యూబు దగ్గరా, ప్రభుత్వం దగ్గరా పూర్తి జవాబు లేదు.

మూడోది ఆడవాళ్ల పాట. నాట్లలో, దంపుళ్లలో, బతుకమ్మ చుట్టూ పాటలు కట్టింది ఎక్కువగా ఆడవాళ్లే. ఇప్పటి ఫోక్ వీడియోల్లో ఆడగొంతు ముందుంటుంది, మాటలు రాసేదీ, ఛానల్ నడిపేదీ తరచు మగవాళ్లు. మరదలిని ఏడిపించే సరసం హద్దు ఎక్కడన్న వాదన కూడా ఇక్కడి నుంచే పుడుతోంది. పొలాల్లో మిషన్లు నాట్లు వేస్తున్న చోట నాట్ల పాట ఎవరి నోట బతకాలన్నది దానికి తోడైన ప్రశ్న.

నాలుగోది పాఠభేదం. నోటి పాట ఊరు దాటినప్పుడల్లా మారేది. ఒక రికార్డింగు కోట్ల చెవులకు చేరాక అందరూ ఆ ఒక్క పాఠమే పాడుతున్నారు. 1954 నాటి మూడు గుర్తుల్లో పరంపర, జనం ఎంపిక మిగిలాయి, మార్పు ఆగిపోతోంది. డీజే రీమిక్సులు, ఊరూరి కవర్ పాటలు ఆ మార్పును కొత్త రూపంలో తెస్తున్నాయని కొందరు అంటారు. ఆ వాదాన్ని తీసిపారేయలేం.

పేరు ఎక్కడ రాయాలి

ఇది ఫోక్ అవునా కాదా అని అడిగినంత కాలం ఈ పంచాయితీ తెగదు. నాలుగు రకాల ప్రశ్నలకు ఒకే మాట జవాబు చెప్పలేదు. బ్రిటన్‌లో ఇండీ అనుభవం చెప్పేదీ అదే. మాటను కాపాడుకోవడానికి పోరాడినవాళ్లు మాటనూ నిలుపుకోలేదు, దాని వెనక ఉన్న పంపిణీ దారినీ నిలుపుకోలేదు.

పాలకుర్తి కవి పద్ధతి ఇంతకంటే మెరుగ్గా కనిపిస్తుంది. నాట్ల పాటను నాట్ల పాట అనాలి, బరాత్ పాటను బరాత్ పాట అనాలి, ఒగ్గు కథను ఒగ్గు కథ అనాలి, తీజ్ పాటను తీజ్ పాట అనాలి. వినేవాళ్లు ఇప్పటికే అలా అంటున్నారు కాబట్టే ఏ తెగకూ పూర్తిగా చిక్కకుండా అన్నిట్లో తిరుగుతున్నారు. సోమనాథుడి కాలంలో అవసరం పడనిది ఒక్కటే ఇప్పుడు చేర్చాలి. పాట కింద పల్లవి ఏ ఊరిదో, ఏ నోట విన్నదో, ఎవరు కొత్త మాటలు చేర్చారో ఒక వరుసలో రాయాలి. నిర్మాత పేరు, కెమెరామన్ పేరు రాయడానికి చోటున్న తెర మీద ఆ వరుసకూ చోటుంటుంది.